తెర వెనక నేల

19 నవంబరు 2023, ఆదివారం, నాయుడుపేట

పొద్దున మెమూకి దిగాను. దొరవారిసత్రం దాటిన దగ్గర్నుంచి తలుపు దగ్గరే నిలబడ్డాను. చిన్నప్పుడు మద్రాసు నుంచి సెలవలకు వచ్చేటప్పుడూ అంతే, అక్కడే చెప్పులు వేసుకొని లేచేదాన్ని. స్టేషన్ బయట ఆటో ఎక్కలేదు. ఇంటికీ పోలేదు. సంచి భుజాన వేసుకొని సినిమాహాలు దగ్గరికి నడిచాను.

గేటుకు గొలుసు, తాళం. టికెట్ల కంతల ముందు నడుమెత్తు కంప. ‘నేల’, ‘బెంచి’, ‘కుర్చీ’ అని గోడ మీద రాసిన వాటిలో ‘బెంచి’ ఒక్కటే ఇంకా చదవడానికి వస్తోంది. కప్పు రెండుచోట్ల కుంగింది. పక్కన టీ బంకు ఆయన, “సంక్రాంతి పోయినాక పడగొట్టేస్తారంటమ్మా. గోడౌన్ కడతారంట” అన్నాడు. మేనకూరు వైపు ఫ్యాక్టరీలు వచ్చాక ఊళ్ళో ఇంత ఖాళీ జాగా ఉంటే చాలు, అడిగేవాళ్ళు ఉన్నారట.

పెదనాయన కొడుకు ఫోన్లో ఈ మాటే చెబితే సగమే నమ్మాను. చెన్నైలో నా దగ్గర నేర్చుకునే పిల్లలకు రెండు వారాలు సెలవని చెప్పి వచ్చేశాను. రెండు వారాల్లో ఏం చేస్తానో తెలియదు.

21 నవంబరు, మంగళవారం

తాళంచెవి ఆపరేటర్ మామ దగ్గర ఉంది. నాయన కింద అసిస్టెంటుగా చేరి, నాయన పోయాక మిషన్లు చూసుకున్నది ఈయనే. ఎనభైకి దగ్గర పడ్డాడు. గేటు తీస్తూ, “ఏం మిగిలుండాదని చూస్తావు పాపా” అన్నాడు గానీ లోపలికి నాకంటే ముందు ఆయనే నడిచాడు.

నాయన ఈ హాల్లో ఇరవై ఆరేళ్ళు ఆపరేటరు. వెయ్యి అడుగుల ఫిల్ము పదకొండు నిమిషాలు తిరుగుతుంది. రీలు అయిపోయేలోపల రెండో మిషన్లో రాగిపూత కార్బన్ కడ్డీలు ముట్టించి, వెలుగు నిలకడగా పట్టి ఉంచాలి. తెర పైన కుడిమూలన చుక్క మెరవగానే దీన్ని మూసి దాన్ని తెరవాలి. కన్నుమూసి తెరిచేంత తేడా వచ్చినా హాలంతా ఈలలు. నాయన చేతిలో ఆ తేడా రాలేదని మామ ఇవాళ కూడా చెప్పాడు. కాలగా మిగిలిన కడ్డీ ముక్కలు నావి. ఇంటి గోడలన్నీ వాటితోనే గీసేదాన్ని.

అమ్మ మిల్లు నుంచి వచ్చేసరికి చీకటి పడేది. క్యాబిన్లో వేడి, పొగ. హాల్లో కూర్చోబెడితే టికెట్టు లేని పిల్ల ఎవరని అడుగుతారు. అందుకని నాయన నన్ను తెర వెనక కూర్చోబెట్టేవాడు. అక్కడ పెద్ద స్పీకరు పెట్టె, దాని పక్కన నేను, నాకో గోనెపట్టా.

తెర వెనక సినిమా తిరగబడి కనిపిస్తుంది. పేర్లు కుడి నుంచి ఎడమకు పడతాయి. రామారావు కత్తి ఎడమచేత్తో తిప్పేవాడు. 1980లో శంకరాభరణం, 1983లో సాగరసంగమం నేను అలాగే చూశాను. మంజుభార్గవి చెయ్యి ఎటు కదిలితే నేనూ అటు కదిపేదాన్ని, అద్దంలో చూసుకుంటున్నట్టు. రోజుకు మూడాటలు. పాట వచ్చే నిమిషం నాకు తెలుసు కాబట్టి ముందే లేచి నిలబడేదాన్ని.

మద్రాసులో గురువుగారు మొదటిరోజే, “ఇంతకుముందు ఎవరు నేర్పారమ్మా? కుడి ఎడమలు తప్పడం లేదే” అని అడిగారు. సినిమాలు చూసి వచ్చే పిల్లలు కుడిచెయ్యి చూపాల్సినచోట ఎడమచెయ్యి చూపిస్తారట. ఎదురుగా కూర్చుంటే ఆడేమనిషి కుడిచెయ్యి మన ఎడమవైపుకు వస్తుంది మరి. వెనక కూర్చున్న నాకు ఆమె కుడి నా కుడివైపే ఉండేది. ఆ సంగతి గురువుగారికి చెప్పడానికి సిగ్గేసి, ఎవరూ నేర్పలేదన్నాను. ఇన్నేళ్ళూ ఆ జవాబు నన్ను గుచ్చుతూనే ఉంది. నేర్పింది ఈ చోటు.

పుట్టిన అగ్రహారంలో మగవాళ్ళే గజ్జె కట్టిన కూచిపూడి ఆడపిల్లలకు అందిందంటే వెంపటి చినసత్యంగారిలాంటివాళ్ళ చలవ. ఆయన 1963లో మద్రాసులో అకాడమీ పెట్టారు. సినిమాహాలు ఆపరేటరు కూతురిదాకా ఆ ఆట రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది.

24 నవంబరు, శుక్రవారం

మద్రాసులో ఆ మొదటిరోజు గురువుగారు అడిగిన రెండో ప్రశ్న, ఏ ఊరని. నాయుడుపేట అన్నాను. “అయితే రాజమ్మగారి ఊరు” అన్నారు. రాజమ్మ ఎవరో నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. ఆయన ఒక్క నిమిషం నా మొహం చూసి, తట్టుకఱ్ఱ చేతికి తీసుకున్నారు.

నాయుడుపేట రాజమ్మ. గుడి సంప్రదాయం తెలిసిన నర్తకి. నటరాజ రామకృష్ణగారు 1923లో ఎక్కడో బాలి ద్వీపంలో పుట్టి, తెలుగు ఆడవాళ్ళ నాట్యం ఏ ఊళ్ళో ఎవరి దగ్గర మిగిలుందో వెతుక్కుంటూ తిరిగిన మనిషి. శ్రీకాళహస్తిలో ఆలయనృత్యం ఆయన ఈవిడ దగ్గరే నేర్చుకున్నారు. నట్టువమేళం పెండెల సత్యభామగారి దగ్గర. 1970లో కళావంతులను హైదరాబాదులో ఒకచోట చేర్చి, వాళ్ళ ఆటను ఆంధ్రనాట్యమన్న పేరుతో పదిమంది ముందు నిలబెట్టారు. 1985లో శివరాత్రికి రామప్ప గుడి దగ్గర పేరిణి ఆడించిందీ ఆయనే. 2011 జూన్‌లో ఆయన పోయినప్పుడు రాసినవి చదువుతుంటే, గురువుల పేర్ల వరసలో మా ఊరి పేరు కనిపించింది. పేపరు మడిచి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఆ తర్వాతే ఆయన శిష్యుల దగ్గరికి వెళ్ళి కుంభహారతి, కైవారం నేర్చుకున్నాను. అప్పటికి నాకు నలభై దగ్గర పడింది.

ఇవాళ ఊళ్ళో నలుగురు పెద్దవాళ్ళను అడిగాను. రాజమ్మ ఇల్లు ఏ వీధిలో ఉండేదని. ముగ్గురికి తెలియదు. నాలుగో ఆయన, “ఆ కతలెందుకులేమ్మా ఇప్పుడు” అని గొంతు తగ్గించాడు.

ఆ గొంతు తగ్గించడం నాకు అర్థమవుతుంది. 1947లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసి, ఆడపిల్లను గుడికి అంకితం ఇవ్వడం ఆపింది. ఆపవలసిందే. ఎంతమంది పసిపిల్లల బతుకులు అందులో నలిగాయో తెలిసినవాళ్ళెవరూ ఆ చట్టాన్ని తప్పనరు. కానీ గుడిలో చోటు పోయిన ఆ ఆడవాళ్ళకు ఆడుకోవడానికి ఇంకో చోటు ఎవరు చూపించారు? మర్యాదస్తుల సభలు వాళ్ళను పిలవలేదు. తల్లులు కూతుళ్ళకు నేర్పడం మానేశారు. మనవరాళ్ళకు ఆ మాటే ఎత్తలేదు. అదే అభినయం, అవే జావళులు నాలాంటి వేరే ఇళ్ళ పిల్లలం నేర్చుకొని సభల్లో శాలువాలు కప్పించుకున్నాం. నా బీరువాలో పదకొండు శాలువాలున్నాయి.

సురభివాళ్ళు గుర్తొస్తారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో మొదలైన కుటుంబం. ఇంటి ఆడవాళ్ళనే వేదిక ఎక్కించారు. పరదాలు, పందిరి, సామాను, పిల్లాజెల్లా అంతా బండ్లకెత్తి ఊరూరా తిరిగారు. వేదికను వెంట పెట్టుకు తిరిగారు కాబట్టే వాళ్ళ ఆట తరాలు దాటింది. రాజమ్మ వెంట అలాంటిదేదీ లేదు.

3 డిసెంబరు, ఆదివారం

మధ్యాహ్నం నుంచి వాన. మబ్బులు కమ్ముకున్నాయి. రేపటి బండికి టికెట్టు ఉంది.

4 డిసెంబరు, సోమవారం

రాత్రంతా ఆగలేదు. కరెంటు లేదు. చెన్నై నీళ్ళలో ఉందట, రైళ్ళు ఆపేశారు. కొవ్వొత్తి పెట్టుకొని రాస్తున్నాను. ఈ గాలికి హాలు పైకప్పు ఏమవుతోందో.

6 డిసెంబరు, బుధవారం

నిన్న మధ్యాహ్నం మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇవాళ తెరిపిచ్చింది. మోకాటిలోతు బురదలో మామా, నేనూ హాలుకు పోయాం.

వేదిక మీది రేకులు ఎగిరిపోయాయి. తెర పైకట్టు తెగి, తడిసి, కుర్చీల మీద పడి ఉంది. ఆ తెల్లగుడ్డను అలా చూసేసరికి కాళ్ళలో సత్తువ పోయింది. శవం మీంచి దుప్పటి జారినట్టు అనిపించింది. మామ గట్టిగా ఏడ్చాడు.

కాసేపటికి ఎండ వచ్చింది. ఎన్నడూ వెలుగు పడని చోట నేరుగా ఎండ. నా చిన్నప్పటి గోనెపట్టా చోటు మొదటిసారి పగటివెలుగులో కనబడింది. స్పీకరు పెట్టె వెనక ఇంకా పదిహేను అడుగుల లోతు ఉంది. గోడకు వరసగా ఇనప కొక్కేలు. రెండువైపులా రెండు చిన్న గదులు, ఒకదాంట్లో గోడకు పగిలిన అద్దం. కింద బురదను చేత్తో తుడిస్తే పలకలు. సిమెంటు కాదు, కొయ్య.

“నాటకాల స్టేజీ కదా ఇది” అన్నాడు మామ, అందరికీ తెలిసిందే అన్నట్టు. “మొదట నాటకాలకే కట్టినారు. హరిశ్చంద్ర ఆడితే కాటిసీను తెల్లార్లూ నడిచేది. సినిమా వచ్చినాక ముందర తెర కట్టేసినారు. వెనకది ఎవరికీ పని లేకపోయె.”

నేను కూర్చున్నది వేదిక మీద. మూడాటలూ నేను వేదిక మీదే ఆడాను, ముందు తెర వేసి ఉంది, అంతే. నాయనకు తెలుసా ఈ సంగతి? తెలిసే ఉంటుంది. ఎందుకు చెప్పలేదో.

చెప్పులు విడిచి, గట్టిగా ఉన్న చోట చూసి, ఒక్క తట్టు తట్టాను. కింద బోలు ఉంది. శబ్దం లోపలికి పోయి గుండ్రంగా తిరిగి వచ్చింది. ముప్పై అయిదేళ్ళు సిమెంటు మీదా, కల్యాణమండపాల గ్రానైట్ మీదా తట్టి తట్టి రెండు మోకాళ్ళూ అరగదీసుకున్నదాన్ని. కొయ్య పలక పాదాన్ని ఎత్తి మళ్ళీ మనకు ఇస్తుంది. రాతి మీద తట్టిన దెబ్బంతా ఎముకకే.

ఇంకో తట్టు. మామ ఏడుపు ఆపి చూశాడు.

17 డిసెంబరు, ఆదివారం

ఓనరుగారి మనవళ్ళు ముగ్గురూ వచ్చారు. మంచివాళ్ళే. నాయన పోయినప్పుడు వాళ్ళ తాతే కర్మలకు డబ్బిచ్చాడు, అది నేను మర్చిపోలేదు.

హాలు ఉంచమని అడిగితే పెద్దాయన నేరుగా చెప్పాడు. “నువ్వు సినిమా నడపలేవమ్మా. మేమే నడపలేకపోయినాం. ఫిల్ము పోయి డిజిటల్ వచ్చినాక మిషన్ బాడుగకే వచ్చిన డబ్బులు చాల్లేదు. కరెంటు బిల్లు, మనుషుల జీతాలు, ఫైరు వాళ్ళ సర్టిఫికెట్టు. సూళ్ళూరుపేటలో అంత పెద్ద తెర పెట్టినాక ఈడికెవరొస్తారు?”

“సినిమా వద్దన్నా. తెర వద్దు. తెర వెనకది ఇయ్యండి చాలు.”

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆఖరాయన సెల్‌ఫోన్ పక్కన పెట్టాడు. స్టేజీ, దాని ముందు పది వరసల మేర నేల నాకు. మిగతా హాలు, రోడ్డు వైపు జాగా గోడౌనుకు, మధ్యలో ఇటుకగోడ. కప్పు ఖర్చు నాది. ఇదీ నేను అడిగింది. సాయంత్రం దాకా మాట్లాడారు. పదకొండు నెలల అగ్రిమెంటు, ఆ తర్వాత చూద్దామన్నారు. ముందుభాగం పోతుంది. టికెట్ల కంతలు పోతాయి, నాయన క్యాబిన్ పోతుంది. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు గొంతు పెగల్లేదు, తలూపాను.

రాత్రి మామకు చెప్పాను. “క్యాబిన్ పోతే పోనీలే. మిషన్లు ఎప్పుడో పాతసామానుకు తూకానికేసినాం. ఉత్త గది” అన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

14 జనవరి 2024, భోగి

పెదనాయన మనవళ్ళు వదల్లేదు. సూళ్ళూరుపేట తీసుకుపోయారు, ఆ పెద్దతెర చూపించడానికి. 2019 ఆగస్టులో సాహోతో మొదలైంది. పిల్లలు చెప్పినంతా ఉంది. తెర ఆ చివర నుంచి ఈ చివరకు చూడాలంటే తల తిప్పాలి, శబ్దం ఒంట్లోంచి పోతుంది. పిల్లల మొహాలు వెలిగిపోతున్నాయి. నాయన ఉంటే ఆ వెలుగు నిలకడ చూసి చేతులు జోడించేవాడు. దాని మీద నాకేం కోపం లేదు. సినిమా దానికి తగిన ఇల్లు కట్టుకుంది.

తిరిగివచ్చేటప్పుడు ఊరికొక్కటిగా మూతబడిన హాళ్ళు లెక్కపెడుతూ కూర్చున్నాను. వాటిలో ఎన్నింటి తెరల వెనక కొయ్యపలకలున్నాయో.

2 ఫిబ్రవరి, శుక్రవారం

ఇంజనీరు వచ్చి దూలాలు చూశాడు. ఇనుము నిలుస్తుందన్నాడు, రేకులు మొత్తం మార్చాలి. వడ్రంగి పలకలన్నీ సుత్తితో తట్టి చెవి ఆనించి విన్నాడు, వైద్యుడు చూసినట్టు. నల్లమద్దట. మూడోవంతు చెద తినేసింది. కింద మట్టి తోడించి, మందు కొట్టి, గాలి ఆడేలా కంతలు వదలాలన్నాడు.

అమెరికాలో ఉన్న నా పాత విద్యార్థిని కొంత డబ్బు పంపింది. బొంబాయి రాయల్ ఒపెరా హౌస్ ఫోటోలు కూడా పంపింది. 1993లో మూతబడి 2016లో తెరుచుకుంది చూడండి ఆంటీ అని. దాని వెనక గోండల్ రాజకుటుంబం ఉంది తల్లీ. అయినా ఫోటోలు వడ్రంగికి చూపించాను. బంగారుపూత బాల్కనీలు చూసి ఏమీ అనలేదు గానీ, వేదిక ఫోటో దగ్గర ఆగి, పలకలు ఏ వైపుకు పరిచారో వేలితో పెద్దది చేసుకొని చూశాడు.

నా గాజులు రెండు అమ్మాను. అమ్మవి మాత్రం ఉంచాను.

11 ఫిబ్రవరి, ఆదివారం

పిల్లలు వస్తున్నారు. వేప చెట్టు కింద నేర్పుతున్నాను. పదమూడుమంది, ఇద్దరు మగపిల్లలు. మార్కెట్లో పూలమ్మే ఆమె కూతురు అందరికంటే ముందుంది. పాటంతా ఫోన్లో చూసి ఒంటబట్టించుకుంది, కళ్ళలో భావం ఉంది, తాళం ఉంది. కుడీ ఎడమా మాత్రం మొత్తం తారుమారు. ఎన్నిసార్లు దిద్దినా పాట రాగానే పాత చెయ్యే లేస్తోంది. అది దాని తప్పు కాదు.

సాయంత్రం తోచింది. చిరిగిన తెరలో మంచి ముక్క ఒకటి మామ ఉతికి దాచాడు. దాన్ని వేదిక మీద రెండు కొక్కేలకు కట్టాం. పెదనాయన మనవడు కాలేజీ నుంచి చిన్న ప్రొజెక్టరు తెచ్చాడు. ఆ పిల్లను వెనక నిలబెట్టి అదే పాట వేశాం. మొదట తికమక పడింది. రెండోసారికి ఆగి, తన చేతులు తనే చూసుకుంది. మూడోసారికి కుడి కుడికి వచ్చింది.

“అక్కా, ఈడి నుంచి చూస్తే ఆమె నాతోపాటు ఆడతా ఉండాది” అంది.

మామ అటు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆ చోట గోనెపట్టా వేసింది ఆయనేనని నాకు ఇవాళే చెప్పాడు. నాయన చెబితే, రోజూ మొదటాటకు ముందు తెచ్చి పరిచేవాడట.

8 మార్చి, శుక్రవారం, శివరాత్రి

పొద్దున్నుంచి కాళహస్తి పోయే జనంతో రోడ్డంతా కిటకిట. నా చిన్నప్పుడు శివరాత్రికి హాల్లో తెల్లార్లూ ఆటలు వేసేవాళ్ళు. ఉపవాసం ఉన్న ఆడవాళ్ళు జాగారానికని వచ్చి, సగం సినిమాలో బెంచీల మీదే నిద్రపోయేవాళ్ళు.

ఇటుకగోడ లేచింది. మా వైపు కొత్త రేకులు. వేదిక నడిమి భాగం వరకు పలకలు మార్చారు. పక్కలు ఇంకా కాలేదు, తాడు కట్టి ఎవరినీ అటు పోవద్దన్నాం. టికెట్టు లేదు, కుర్చీలు లేవు, అందరూ నేలే. రాత్రి తొమ్మిదికి నూరుమందికి పైగా వచ్చారు. ఓనరుగారి మనవళ్ళలో పెద్దాయన భార్య నలుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకొచ్చి ముందు వరసలో కూర్చుంది. గొంతు తగ్గించి మాట్లాడిన ఆ పెద్దాయన కూడా వచ్చి స్తంభానికి ఆనుకొని నిలబడ్డాడు.

మామ పాత బెల్లు ఎక్కడ దాచాడో, తెచ్చి మూడుసార్లు కొట్టాడు.

మైకు పట్టుకొని నాయుడుపేట రాజమ్మ అన్నాను. ఈ ఊళ్ళో ఆ పేరు పైకి వినడం నా జన్మలో ఇదే మొదటిసారి, అదీ నా నోటి నుంచే. ఆవిడ ఎవరు, ఎవరికి నేర్పారు, ఆవిడ దగ్గర నేర్చుకున్నది ఎక్కడిదాకా పోయింది, నాకు తెలిసింది చెప్పాను. పట్టుమని అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. తెలిసింది అంతే ఉంది. తర్వాత కుంభహారతి. కుండ మీద దీపం చేతికి తీసుకున్నప్పుడు వణికిన చెయ్యి, మొదటి అడుగు పలక మీద పడగానే కుదురుకుంది. గుడిలో దేవుడి ముందు ఆ ఆడవాళ్ళు వేసిన అడుగు. కింది బోలులోంచి నా గజ్జెల శబ్దం నాకే వెనక నుంచి వినబడింది, ఇంకొకరెవరో ఆడుతున్నట్టు.

పిల్లలు పుష్పాంజలి ఆడారు. పూలమ్మే ఆమె కూతురు ఒక్కచోట కూడా చెయ్యి మార్చలేదు.

అంతా అయ్యాక ఆ పెద్దాయన దగ్గరికి వచ్చాడు. ఏదో చెప్పబోయి ఆగాడు. “మా మనవరాలుంది. ఏడేళ్ళు. తోలుకొని రావొచ్చునా?” అన్నాడు.

9 మార్చి, శనివారం

తెల్లవారుజామున పడుకొని ఎనిమిదింటికి లేచాను. మోకాళ్ళ నొప్పి లేదు. రాసి పెట్టుకుంటున్నాను, మర్చిపోకుండా.

సోమవారం వడ్రంగి వస్తాడు. ఎడమవైపు తొమ్మిది పలకలు, కుడివైపు నాలుగు. చెదమందు ఇంకో డబ్బా తేవాలి. అద్దం ఉన్న గదికి తలుపు, ఆడపిల్లలు బట్టలు మార్చుకోవాలి. చెన్నైలో ఇల్లుగలాయనకు ఫోన్ చెయ్యాలి, ఏప్రిల్ నుంచి ఖాళీ చేస్తానని. గోనెపట్టాలు పదమూడు. కాదు, పద్నాలుగు.